నాలుగక్షరములు, తొమ్మిది పలుకులు

తెలుగున గుణింతము వచ్చిన బిడ్డకు చదువు వచ్చినట్లే. క కారమునకు కొమ్మిచ్చినచో 'కు' అగును. అది యే పదమునం దున్నను, ఏ యూరివారు చదివినను 'కు' యే గాని మఱియొకటి గాదు. కావుననే మన పెద్దవారిలో బడి గడప త్రొక్కని స్త్రీలు సైతము ఇంటిలో పెద్దబాలశిక్ష చేతబట్టి, అక్షరములు కూడబలుకుకొని, పిమ్మట భారత భాగవతములు తమంత తాము చదువుకొనగలిగిరి. వ్రాసినట్లు చదువుట, పలికినట్లు వ్రాయుట మనకు అమ్మమ్మలనాటి సొత్తు. ఆ సొత్తును నమ్ముకొని ఆంగ్లభాష వాకిట నడుగిడినప్పుడే చిక్కులు మొదలగుచున్నవి.

ఇప్పుడు ఆంగ్లము కచేరీలలో మాత్రమే యుండు భాష గాదు. బిడ్డల పాఠ్యపుస్తకములందును, మందుసీసాల మీదను, బ్యాంకు కాగితములందును, చేతిలోని ఫోనునందును అదియే కనబడుచున్నది. తల్లి దానిని చదువవలసియే యున్నది. బిడ్డచే చదివింపవలసియే యున్నది. చదువబోయినచో వ్రాత యొక దారిని, పలుకు వేఱొక దారిని పోవుచున్నవి. ఆ దారులు చీలుటకు గల కారణ మెఱుగక తల్లులు తమ బుద్ధిని దామే నిందించుకొనుచున్నారు. బిడ్డలను మందబుద్ధులని దండించుచున్నారు. ఈ రెండును అన్యాయములే యని చూపుటకు మే మీ వ్యాసమును వ్రాయబూనితిమి. ఆ చిక్కులన్నిటిలోను మేటియైన దాని నొక్కదానిని దీసికొని విచారింతము. అది ఓ, యు, జి, హెచ్ అను నాలుగక్షరములు వరుసగా వచ్చు కూర్పు.

తొమ్మిది వేషములు

ఈ కూర్పు ఆంగ్లపదములందు ఎన్ని విధముల బలుకునో చిత్తగింపుడు. 'ద్వారా' అను నర్థము గల త్రూ అను పదమున నాలుగక్షరములును గలిసి 'ఊ' అని పలుకును. 'అయినను' అని యర్థమిచ్చు దో అను పదమున 'ఓ' అని పలుకును. తడిపి మర్దించిన పిండిముద్దకు పేరైన డో యందును అంతియే. గట్టి యను నర్థము గల టఫ్, గరుకు అను నర్థము గల రఫ్, చాలు నను నర్థము గల ఇనఫ్ అను పదములలో 'అఫ్' అగును. దగ్గునకు పేరైన కాఫ్, పశువుల తొట్టికి పేరైన ట్రాఫ్ అను వానిలో 'ఆఫ్' అగును. చెట్టుకొమ్మ యగు బౌ, నాగలి యగు ప్లౌ అను పదములందు 'ఔ' అగును. తలంపు అను నర్థము గల థాట్, 'కొనెను' అను నర్థము గల బాట్, 'తెచ్చెను' అను నర్థము గల బ్రాట్ మొదలగు పదములలో 'ఆ' యని పలికి ఊరకుండును. సమగ్రమనెడి థరా, పట్టణ భాగమనెడి బరా అను వానిలో తేలికగా 'అ' యని జాఱిపోవును. ఎక్కిళ్లకు పేరైన హికప్ అను పదమును ఈ నాలుగక్షరములతో వ్రాయు వాడుక యొకటి గలదు. అందు 'అప్' అని పలుకవలెను. ఐర్లండు దేశమున సరస్సును లాఖ్ అందురు. అందు 'ఆఖ్' అని గొంతునుండి పలుకుదురు. వెరసి తొమ్మిది.

ఇంతటితో తీరలేదు. ఒకే విధముగ వ్రాయబడు పదము అర్థమునుబట్టి పలుకు మార్చుకొనుటయు గలదు. బురదగుంట యను నర్థమున స్లౌ అని చదువవలసిన పదమునే పాము విడిచిన కుబుసమను నర్థమున స్లఫ్ అని చదువవలెను. ఇంగ్లండులో లఫ్‌బరా అను పట్టణమొకటి యున్నది. ఆ యూరిపేరున ఈ నాలుగక్షరములును రెండుమాఱులు వచ్చును; మొదటిమాఱు 'అఫ్' అనియు, రెండవమాఱు 'అ' అనియు పలుకును. ఒకే పేరులో రెండు వేషములు!

మే మెఱిగిన యొక యిల్లాలు, కుమారుని వాచకములను వెంట చదువుచు ఆంగ్లము నేర్చుకొనుచుండెను. నాగలిని ప్లౌ అందురని నేర్చిన కొలది దినములకే బిడ్డకు దగ్గు పట్టగా, మందుసీసా మీది పేరు చదువవలసివచ్చెను. ఆమె నేర్చిన న్యాయము ననుసరించి దగ్గు పేరును 'కౌ' అని చదివెను. కౌ అన ఆంగ్లమున ఆవు. ఆవుమందు త్రాగనని కుమారుడు నవ్వెను. ఇంటనున్న వారందఱును నవ్విరి. ఆమెయు వారితో గూడ నవ్వి, వాచకమును మూసి యలమారులో పెట్టెను. ఏడాది గడచినను తెఱవలేదు. ఒక పదమునుండి వేఱొక పదమును ఊహించి చదువుట బుద్ధిగలవారి లక్షణము. ఆమె ఊహ న్యాయమైనదే. భాషయే యా న్యాయమును తప్పినది. ఈ మాట ఆమెకు చెప్పువారు ఆనాడు ఆ యింట లేకపోయిరి. ఇట్టి వాచకములు ఎన్ని యిండ్ల అలమారులలో మూతబడి యున్నవో!

ఆ యక్షరములు పూర్వము పలికెడివి

ఉచ్చరింపని యక్షరములను ఆంగ్లేయులు ఊరక వ్రాసిరని తలపరాదు. వేయి సంవత్సరములకు పూర్వము ఆ పదములలో పెక్కింటియందు ఒక ధ్వని యుండెను. అది ఎట్టి ధ్వని యనునది ఆంగ్లేయుల బిడ్డలకంటె మనకే తేలికగా బోధపడును. సంస్కృతమున విసర్గము గలదు గదా! అది క ఖ లకు ముందున్నప్పుడు నాలుక మొదట రాచుకొను ఊపిరివలె పలుకును; దుఃఖము, అంతఃకరణము అను పదములందు వలె. దానికి వ్యాకరణవేత్తలు జిహ్వామూలీయమని పేరిడిరి. ఆంగ్లేయుల పూర్వులు రాత్రి, వెలుగు, కూతురు, తలంపు మొదలగు పదముల నడుమ పలికిన ధ్వని యిట్టిదే. రాత్రికి వారు 'నిఖ్త్' అని యించుమించుగా పలికెడివారు. మొదట దానిని హెచ్ అను నొక్క యక్షరముతోనే వ్రాసెడివారు. 1066లో ఫ్రాన్సు నుండి నార్మనులు వచ్చి ఇంగ్లండును జయించిన పిదప, ఫ్రెంచి పద్ధతుల నలవఱచుకొన్న లేఖకులు క్రమముగా ఆ ధ్వనికి జి, హెచ్ అను రెండక్షరముల జంటను వాడజొచ్చిరి.

తరువాతి శతాబ్దములలో ఆ ఊపిరి ఆంగ్లేయుల నోట నిలువలేదు. కొన్ని పదములలో పూర్తిగా అణగిపోయెను. త్రూ, దో, ప్లౌ అను పదము లట్టివి. మఱికొన్నింటిలో నాలుక మొదటినుండి పెదవులకు జాఱి 'ఫ్' అయ్యెను. టఫ్, కాఫ్ అను పదము లట్టివి. గొంతునుండి పెదవులకు దూరము చాల గదా, ఇదెట్లు సంభవించె ననవచ్చును. దీనికిని మన వ్యాకరణమునందే పోలిక గలదు. అదే విసర్గము ప ఫ లకు ముందున్నప్పుడు పెదవులయొద్ద ఊదినట్లు పలుకును. దానిని ఉపధ్మానీయ మనిరి. అంతఃపురము అను పదమును నిదానముగా పలికి చూచుకొనుడు. ఒకే ఊపిరి యొకచోట నాలుక మొదటను, ఒకచోట పెదవులయొద్దను పుట్టునని మనవారు ఏనాడో గుర్తించి యుండిరి. ఆంగ్లమునందు జరిగినదియు నట్టిదే.

మఱి పలుకు మాఱినప్పుడు వ్రాత యేల మాఱలేదు? ఇందుకు ముఖ్యకారణము అచ్చుయంత్రము. విలియం కాక్స్‌టన్ అను నాతడు 1476లో వెస్ట్‌మినిస్టరునందు ఇంగ్లండు దేశపు మొదటి అచ్చుకూటమును స్థాపించెను. అచ్చు పుస్తకములు వ్యాపించినకొలది పదముల కూర్పు ఒక తీరుగ స్థిరపడజొచ్చెను. కాని ఆ కాలముననే పలుకుబడి పెద్ద మార్పునకు లోనగుచుండెను. సుమారు 1400 మొదలు 1700 వఱకు ఆంగ్లమునందలి దీర్ఘాచ్చులు ఒకదాని స్థానమునకు మఱియొకటిగా జరిగిపోయినవి. నిఖ్త్ అనునది నీట్ అయి, పిదప నైట్ అయ్యెను. అంతేగాక, దేశమున నొక్కొక్క ప్రాంతమువా రొక్కొక్క తీరున పలికెడివారు. లండను నగరమునకు నలుదెసలనుండి జనులు చేరగా, ఒక పదమునకు ఒక ప్రాంతపు పలుకును, మఱియొక పదమునకు వేఱొక ప్రాంతపు పలుకును నిలిచిపోయినవి. వ్రాత మాత్రము అచ్చుదిమ్మెలలో చిక్కుకొని అచ్చటనే నిలిచెను. 1755లో సామ్యూల్ జాన్సను తన మహానిఘంటువును వెలువరించుసరికి ఆ కూర్పులే ప్రామాణికములైనవి. కాబట్టి నేడు మన బిడ్డలు వ్రాయునది కొన్ని శతాబ్దముల క్రిందటి ఆంగ్లము. పలుకునది నేటి ఆంగ్లము.

మనకును చుట్టములే

ఈ మూగయక్షరములను చూచి విసుగుకొను సోదరీమణులకు ఒక సంతోషవార్త చెప్పెదము. అవి మనకు పరాయివి గావు. 1786లో కలకత్తానగరమున సర్ విలియం జోన్సు, సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల పోలిక కాకతాళీయము గాదనియు, అవి యన్నియు నొక్క మూలమునుండి పుట్టి యుండవలెననియు ప్రసంగించెను. పిల్లల కథలను సేకరించిన గ్రిమ్ సోదరులలో పెద్దవాడైన యాకబ్ గ్రిమ్ 1822లో, ఆ చుట్టఱికమున ధ్వనులు మాఱుటకు ఒక క్రమము గలదని సోదాహరణముగ వివరించెను. ఆంగ్లము ఆ కుటుంబములోని భాషయే. అందు జి, హెచ్ అను జంట దాగియున్న పదములలో పెక్కింటికి సంస్కృతమున తోబుట్టువులు గలవు.

కార్తికమాసమున మనము నక్తము లుందుము. పగలెల్ల నుపవసించి రాత్రి మాత్రమే భుజించుట గాన దానికి నక్తమని పేరు. ఆ నక్తమే ఆంగ్లమున నైట్. ఎనిమిది యను నర్థము గల అష్ట శబ్దమునకు తోబుట్టువు ఎయిట్. తేలిక యను నర్థము గల లఘు శబ్దమునకు తోబుట్టువు లైట్. తిన్ననిది యను నర్థము గల ఋజు శబ్దమునకు తోబుట్టువు రైట్. అన్నిటికంటె మనకు ప్రీతికరమైనది డాటర్ అను పదము. కూతురి కొడుకును దౌహిత్రు డందుము గదా! అందలి దుహితయే డాటర్. దుహిత యందు హకారముండగా, ఆంగ్లమున దాని యెదుట జి, హెచ్ నిలిచినవి. పలుకకపోయిననేమి, చుట్టఱికమును దెలుపుచునే యున్నవి.

పిండిముద్ద యగు డో అను పదమునకు ఇంతకంటె చిత్రమైన కథ గలదు. సంస్కృతమున దిహ అను ధాతువు పూత పూయుట, పెంపొందించుట అను నర్థములలో గలదు. దేహ మను పదము దానినుండియే పుట్టినది. మట్టిని గాని పిండిని గాని పిసికి రూపము గల్పించుట యనునది మూలార్థము. ఆ మూలమునుండియే ఆంగ్లమున డో వచ్చెను. నేడు గౌరవముగా లేడీ యని పిలుచు పదమున్నదే, అది ప్రాచీన కాలమున 'రొట్టె పిసుకునది' యను నర్థముగల సమాసము. అందలి రెండవ భాగము ఈ డో కు తోబుట్టువు. చపాతీకి పిండి కలుపుచున్న యిల్లాలిని చూచి ఇంగ్లీషు రాని వంటయింటి మనిషి యని యెవరైన నన్నచో, ఆ ఇంగ్లీషే ఆమెకు లేడీ యను బిరుదమును పిండి కలిపినందులకే యిచ్చినదని చెప్పవచ్చును.

మన యింటి మూగయక్షరములు

పరుల వ్రాతను చూచి నవ్వుటకు ముందు మన వ్రాతను గూడ నొకసారి పరికించుట న్యాయము. మనకును మూగయక్షరము లున్నవి. పూర్వపు గ్రంథములలో వాఁడు, మూఁడు అని అరసున్నలతో వ్రాసెడివారు. ఆ అరసున్నను ఎవరును పలుకరు. మఱి యది యేల? ఒకప్పుడచ్చట నిండైన అనునాసిక ధ్వని యుండెననుటకు గుఱుతు. తమిళులు మూఁటిని మూన్ఱు అందురు. అందు ఆ నకారము నేటికిని పలుకుచున్నది. వాఁడు అను పదమే బహువచనమున వాండ్రు అగునప్పుడు దాగిన సున్న బయటపడును. రాయలసీమలో వాండ్లు అని వాడుకలోను వినబడును.

ఱ అను బండి ఱకారమును అట్టిదే. ఏరు అన నాగలికి గట్టిన యెడ్లు; ఏరువాక పున్నమ యనుటలో నున్నది అదియే. ఏఱు అన నది. తమిళమున నాగలిని ఏర్ అనియు, నదిని ఆఱు అనియు నందురు. ఆ రెండు రేఫములకు పూర్వము పలుకులోనే భేద ముండెను; నేడు మన నోట రెండు నొక్కటే. తెలుగు తమిళ కన్నడములు సంస్కృతమునుండి పుట్టినవి గాక వేఱొక కుటుంబమునకు జెందినవని చెన్నపట్టణమున ఎల్లిస్ దొర 1816లో నిరూపించెను. అట్టి తోబుట్టువుల పలుకును వినినప్పుడే మన మూగయక్షరముల యర్థము తెలియును.

ఇంతేగాక, పఱచుకొను చాప యందును, ధనుస్సను నర్థము గల చాపము నందును చకార మొక్కటే, పలుకు రెండు. నిఘంటుకారులు పైన గుర్తు నుంచి భేదము చూపిరి గాని సామాన్యులు వ్రాయునప్పుడు చూపరు. తెలుగు బిడ్డకు ఎవరును చెప్పకయే తెలియును, పరభాషవారు తడబడుదురు. మనకు సహజమైనది ఇతరులకు చిక్కు. ఇతరులకు సహజమైనది మనకు చిక్కు. ఇందు హెచ్చుతగ్గులు లేవు. మనవారు అరసున్నను చాలవఱకు విడిచిరి. మేమును ఈ వ్యాసమున ఉదాహరణములందు దప్ప విడిచితిమి. బండి ఱను మాత్రము చేయి మానలేకున్నది. అలవాటు బలీయమైనది గదా! ఆంగ్లేయులకు వారి జి, హెచ్ అట్టిదే.

దిద్దబోయినవారు

ఈ వ్రాతను దిద్దవలెనని ఆంగ్లభాషీయులే పలుమాఱులు ప్రయత్నించిరి. అమెరికా దేశీయుడగు నోవా వెబ్‌స్టరు 1789లో, టఫ్ అను పదమును టి, యు, ఎఫ్ అను మూడక్షరములతోనే వ్రాయవలెననియు, నవ్వు అను నర్థము గల లాఫ్ పదమును ఎల్, ఎ, ఎఫ్ అని వ్రాయవలెననియు ప్రతిపాదించెను. అమెరికా ప్రజలు వానిని గ్రహింపలేదు. కాని నాగలి పేరును జి, హెచ్ లు తొలగించి వ్రాయుట మాత్రము ఆ దేశమున స్థిరపడినది. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు, మూడువందల పదములకు సులభమైన కూర్పులను ప్రభుత్వ ముద్రణాలయము వాడవలెనని యాజ్ఞాపించెను. అందు త్రూ, దో అను పదములును గలవు. పత్రికలు పరిహసించినవి, ప్రజాప్రతినిధి సభ అంగీకరింపలేదు. ఆ సంవత్సరాంతముననే ఆజ్ఞ నుపసంహరింపవలసివచ్చెను. చికాగో ట్రిబ్యూన్ అను దినపత్రిక 1934 మొదలు ఇట్టి కూర్పులను వాడి, తుదకు 1975లో త్రూ, దో పదములకు పాత కూర్పులనే మరల గైకొనెను. అమెరికాలో నున్న మన బిడ్డలయొద్దకు వెళ్లినవారు, బండి దిగకయే భోజనపదార్థములు కొనుక్కొను అంగళ్ల పలకలమీద త్రూ అను పదమును పొట్టిగా వ్రాసి యుండుట చూచియే యుందురు. సంస్కర్తల శ్రమలో మిగిలిన గుఱుతులలో నదియొకటి.

ఒక పరిహాసమును గూడ చెప్పుదురు. టఫ్ లో జి, హెచ్ లకు 'ఫ' పలుకు. స్త్రీలను దెలుపు విమెన్ అను పదమున ఓ కు 'ఇ' పలుకు. నేషన్ అను పదమున టి, ఐ లకు 'ష' పలుకు. కావున జి, హెచ్, ఓ, టి, ఐ అని వ్రాసి ఫిష్ అని చదువవచ్చునట! దీనిని బెర్నార్డ్ షా చమత్కారమని పెక్కురందురు. కాని యది 1855 నాటి యొక లేఖయందే కనబడుచున్నది, షా పుట్టినది 1856లో. చమత్కారము బాగుగనే యున్నది గాని న్యాయము గాదు. జి, హెచ్ లు ఆంగ్లపదమునకు మొదట నెన్నడును 'ఫ' యని పలుకవు. అక్షరమునకు పలుకు దాని చోటునుబట్టి యుండును. ఈ యొక్క మాటను పట్టుకొన్నచో చిక్కుముడి చాలవఱకు విడిపోవును.

ఇంట నేర్పు విధము

మొదటి సూత్రము. పదమునకు మొదట జి, హెచ్ లు వచ్చినచో 'గ' యని పలుకవలెను. దయ్యమునకు గోస్ట్ అని పేరు. కాక్స్‌టను అచ్చుకూటపు అలవాట్లలో ఫ్లాండర్సు దేశపు వ్రాత పోకడలు చేరియుండుటచే ఆ పదమున హెచ్ చొరబడినదని పండితులు చెప్పుదురు. మన ఘృతము హిందీలో ఘీ యై, ఆ జంటతోనే ఆంగ్లమున ప్రవేశించినది. నెయ్యిడబ్బామీది పేరు చూపియే బిడ్డకు ఈ సూత్రమును చెప్పవచ్చును.

రెండవది. ఐ అను నక్షరము తరువాత జి, హెచ్ వచ్చినచో 'ఐ' యని పలుకును; జి, హెచ్ మూగలు. నైట్, లైట్, రైట్, సైట్, ఫైట్, టైట్, బ్రైట్, హై మొదలగునవి యన్నియు నొక జట్టు. ఒక్కటి నేర్చిన పది వచ్చును.

మూడవది. ఆ ఐ కి ముందు ఇ అను ఆంగ్లాక్షరము గూడ నున్నచో, అనగా 'ఏ' ధ్వనికి తావిచ్చు ఇ, ఐ జంట యున్నచో, ఎయిట్, వెయిట్, నేబర్ అని పలుకవలెను. ఎత్తు అను నర్థము గల హైట్ దీనికి వెలి.

నాలుగవది. ఎ, యు తరువాత జి, హెచ్, టి వచ్చినచో సాధారణముగా 'ఆట్' అని పలుకును. డాటర్, కాట్, టాట్, నాటీ అనునవి యట్టివి. లాఫ్ అను పదమున 'ఫ్' వినబడును.

అయిదవది. మన నాలుగక్షరముల తరువాత టి వచ్చినచో నిశ్చింతగా 'ఆట్' అని చదువవచ్చును. థాట్, బాట్, బ్రాట్, ఫాట్, సాట్, ఆట్. అనావృష్టిని దెలుపు డ్రౌట్ మాత్రము వేఱుగా నిలుచును. వాన లేనిచోట నియమ మెక్కడిదని చెప్పినచో బిడ్డ మఱచిపోడు.

టి లేనివి వాడుకలో పదిపండ్రెండుకు మించవు. వానిని ఆంగ్లాక్షరములతో గాక తెలుగు అర్థములతో జట్లు కట్టుట మేలు. దగ్గు, తొట్టి: ఆఫ్. గట్టి, గరుకు, చాలు: అఫ్. కొమ్మ, నాగలి: ఔ. పిండిముద్ద, అయినను: ఓ. సమగ్రము, పట్టణ భాగము: అ. ద్వారా యనునది ఒంటరి: ఊ. దినమున కొక జట్టు చొప్పున ఆఱు దినములలో పూర్తియగును. ఏడవనాడు బిడ్డయే తల్లికి పరీక్ష పెట్టవలెను. తల్లి పరీక్ష యిచ్చుచున్నదనిన బిడ్డకు కలుగు నుత్సాహము ఇంతింత గాదు. తల్లికిని ఆ పేరున చదువు వచ్చును.

కొత్తపదము వచ్చినప్పుడు సందేహమున్నచో ఫోనులోని నిఘంటువు తెఱచి, ఆ పదము ప్రక్కనుండు శబ్దపు గుర్తును తాకినచో ఉచ్చారణము వినబడును. మన పెద్దలకు లేని సౌకర్య మిది. ఎవరినో యడిగి చిన్నబోవ నక్కఱలేదు.

దండించుటకు ముందు

ఇక నొక్క విన్నపము. బిడ్డ టఫ్ అను పదమును టి, యు, ఎఫ్ అని వ్రాసికొని వచ్చి, బడిలో సున్న మార్కులు తెచ్చుకొన్నచో చేయి యెత్తవలదు. ఆ బిడ్డ చెవి చక్కగా వినినది. విన్నదానిని చేయి చక్కగా వ్రాసినది. తెలుగు నేర్పిన న్యాయమును ఆంగ్లమునకు అన్వయించినది. ఆ కూర్పునే గొప్ప నిఘంటుకర్త యొకడు రెండువందల యేండ్లకు పూర్వము కోరెనని మొదట చెప్పుడు. పిదప, లోకమున నిలిచిన కూర్పు వేఱు గావున దానిని నేర్చుకొనవలెనని చెప్పుడు. ఈ రెండు మాటలకు నడుమనున్న భేదమును బిడ్డలు చక్కగా గ్రహింతురు. నీకు బుద్ధి లేదనుట వేఱు, ఈ పదమునకు పాతకాలపు వేషము గలదనుట వేఱు. మొదటిమాట చదువును భయపడవలసిన వస్తువుగా జేయును. రెండవమాట దానిని తెలిసికొనవలసిన కథగా జేయును.

ఇల్లాండ్రును తమయెడ ఈ దయనే చూపుకొనవలెను. ఒక పదమును వ్రాసినట్లు చదివినంతమాత్రమున సిగ్గుపడి వాచకమును మూయ నక్కఱలేదు. నవ్వినవారితో నవ్వి, సరియైన పలుకు నేర్చుకొని, మరునాడు మరల తెఱవవలెను. డాటర్ అను పదము వ్రాయుచు, పలుకని ఆ రెండక్షరములు ఎందుకమ్మా యని కూతురు అడిగినచో, తెలియదని విసుగుకొనక, దుహిత యను పదమును చెప్పుడు, దౌహిత్రుని కథ చెప్పుడు. ఆ పదమును ఆ బిడ్డ మఱి తప్పు వ్రాయదు.